లెక్క కుదిరినంత మాత్రాన నీటి గుట్టు తెలిసినట్టేనా?

కొవ్వాడ మాట ఎత్తితే చాలు, విశాఖపట్నంలో సంభాషణ రెండు ముక్కలవుతుంది. మా నగరానికి ఈశాన్యాన, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఏపీ 1000 అనే అమెరికా రకం అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూ ఉన్నది కనుక, తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచే మా విశ్రాంత ఉద్యోగుల గుంపులోకి కూడా ఆ చర్చ తరచుగా వస్తుంది. ఒకాయన, "అన్నీ కంప్యూటర్లో ముందే చూసేశారండీ, ఇంకా భయం దేనికి?" అంటారు. పక్కనే ఉన్న మరొకాయన, "కంప్యూటర్‌దేముందండీ, మనం ఏది పెడితే అదే వడ్డిస్తుంది" అని కొట్టిపారేస్తారు. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతిక రసాయన శాస్త్రం చెప్పి, ఉద్యోగం ముగిశాక తీరిక దొరికి, వేడి నీటిని రేడియేషన్ ఎలా విడగొడుతుందో సొంతంగా లెక్కకట్టడం అలవాటు చేసుకున్న నాకు ఈ రెండు మాటలూ నచ్చవు. రియాక్టర్ కావాలా వద్దా అన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు. కంప్యూటర్ లెక్క కొలతతో సరిపోయినంత మాత్రాన నీటిలో జరిగేది మనకు తెలిసిపోయినట్టు కాదనీ, అలాగని ఆ లెక్క పనికిరానిదీ కాదనీ, దాని విలువ అది ఇచ్చే జవాబులో కంటే ఏది ఇంకా కొలవలేదో చూపించడంలో ఎక్కువగా ఉన్నదనీ చెప్పడమే నా ఉద్దేశం.

పరవాడ వైపు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో నీటి రసాయన విభాగం చూసే మా మేనల్లుడి పనితో మొదలుపెడతాను. బాయిలర్‌లోకి పోయే నీటిలో లవణాలు ఉండకూడదు కనుక డీఎం ప్లాంటులో వాటిని తీసేస్తారు. ఆక్సిజన్ ఉంటే ఉక్కు గొట్టాలు తినిపోతాయి కనుక డీయేరేటర్‌లో దాన్ని ఆవిరితో తరిమేసి, మిగిలిన కొసరును చాలా చోట్ల హైడ్రజీన్‌తో చంపుతారు. ఒకసారి మావాడితో రియాక్టర్ నీటి గురించి మాట్లాడుతుంటే, "అక్కడా ఇంతే కదా మావయ్యా, ఆక్సిజన్ తీసేసి మూత పెడితే సరి" అన్నాడు. అదే తేడా అని చెప్పాను. బాయిలర్‌లో ఆక్సిజన్ బయటినుంచి వచ్చే దొంగ, తలుపు వేస్తే ఆగుతుంది. రియాక్టర్ గుండెలో తిరిగే నీరు తన ఆక్సిజన్‌ను, తన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తానే క్షణక్షణం తయారు చేసుకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అలాంటి దొంగ అది.

నీరు ఎలా విడిపోతుందో కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే వాదమంతా దానిమీదే నిలబడి ఉన్నది. గామా కిరణంగానీ వేగంగా పోయే ఎలక్ట్రాన్‌గానీ నీటిలోంచి దూసుకుపోతున్నప్పుడు దారిలో అక్కడక్కడ నీటి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నీటి అణువు పక్కనున్న మరో నీటి అణువుకు ఒక ప్రోటాన్‌ను అప్పగించి తాను హైడ్రాక్సిల్ రాడికల్‌గా, అంటే జతలేని ఎలక్ట్రాన్‌తో దేనితోనైనా కలవడానికి ఉరకలు వేసే ముక్కగా మిగులుతుంది. ఈ అప్పగింతకు సుమారు 46 ఫెమ్టోసెకన్లు పడుతుందని 2020లో ఎక్స్‌రే లేజర్‌తో కొలిచారు. ఊడిన ఎలక్ట్రాన్ కొన్ని నానోమీటర్ల దూరం పోయి, శక్తి కోల్పోయి, చుట్టూ నీటి అణువులు మూగి పట్టుకోగా అక్కడే ఆగిపోతుంది. ఇలా నీటిలో చిక్కుకున్న ఎలక్ట్రాన్‌ను 1962లో హార్ట్, బోగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని కాంతి శోషణను బట్టి గుర్తించారు. గది ఉష్ణోగ్రత వద్ద అది సుమారు 720 నానోమీటర్ల ఎర్రని కాంతిని ఎక్కువగా మింగుతుంది కనుక, తగినన్ని పోగైతే ఆ నీరు క్షణకాలం నీలంగా కనిపిస్తుంది. ఇదంతా సెకనులో లక్షకోట్లవ వంతులో ముగుస్తుంది. అప్పటికి నీటిలో ఉండేవి సమానంగా పరుచుకున్న రసాయనాలు కావు. ముత్యాల హారంలో పూసల్లా కిరణం పోయిన దారి వెంట దూరదూరంగా చిన్న చిన్న గుత్తులుంటాయి. ఒక్కో గుత్తిలో రెండు మూడు ఎలక్ట్రాన్లు, అన్నే హైడ్రాక్సిల్ రాడికల్స్, కొద్దిగా హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి.

ఆ తర్వాత జరిగేది పందెం. గుత్తిలోని రాడికల్స్ ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతే స్థిరమైన అణువులు పుడతాయి. రెండు హైడ్రాక్సిల్స్ కలిస్తే పెరాక్సైడ్, రెండు ఎలక్ట్రాన్లు కలిసి నీటితో చర్య జరిపితే హైడ్రోజన్ వాయువు వస్తాయి. కలవకముందే విడిపోయి దూరంగా పోతే రాడికల్స్‌గానే మిగులుతాయి. సెకనులో పది లక్షలవ వంతు గడిచేసరికి ఈ పందెం ముగిసి, మిగిలినవి నీటిలో సమంగా పరుచుకుంటాయి. ఈ ఫలితాన్ని, నీరు మింగిన ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ఎన్ని అణువులు పుట్టాయో చెప్పే జి విలువగా రాస్తారు. గది ఉష్ణోగ్రత వద్ద గామా కిరణాలకు హైడ్రోజన్ 0.45, పెరాక్సైడ్ 0.7, ఎలక్ట్రాన్ సుమారు 2.65, హైడ్రాక్సిల్ సుమారు 2.7. ఈ అంకెలు కాగితం మీద చప్పగా ఉంటాయి కనుక నేను తరగతిలో ఇలా విప్పి చెప్పేవాణ్ణి. ఒక కిలో నీటికి వేయి జౌళ్ల రేడియేషన్ శక్తి ఇస్తే ఆ నీరు పావు డిగ్రీ కూడా వేడెక్కదు, కాఫీ గిన్నె అయితే అసలు తెలియనే తెలియదు. కానీ అదే శక్తికి సుమారు ఒక ఘన సెంటీమీటరు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. రియాక్టర్ గుండెలో నీరు ఇలాంటి మోతాదులను ఎడతెగకుండా మింగుతుంది.

అంత నీరు విడిపోతుంటే రియాక్టర్ నిండా వాయువులే ఉండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉండవు, ఎందుకంటే విడిపోయినవాటిని తిరిగి నీరుగా కలిపే గొలుసు చర్య ఒకటి అదే నీటిలో నడుస్తుంది. హైడ్రాక్సిల్ రాడికల్ హైడ్రోజన్ అణువును ఢీకొంటే నీరూ, ఒక హైడ్రోజన్ పరమాణువూ వస్తాయి. ఆ హైడ్రోజన్ పరమాణువు పెరాక్సైడ్‌ను ఢీకొంటే నీరూ, మరొక హైడ్రాక్సిల్ రాడికల్ వస్తాయి. ఆ హైడ్రాక్సిల్ మళ్లీ హైడ్రోజన్‌ను వెతుక్కుంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అణు ప్రాజెక్టులో ఈ రసాయనాన్ని అధ్యయనం చేసిన అలెన్ పేరుమీద దీన్ని అలెన్ గొలుసు అంటారు. నీటిలో ముందే కొంత హైడ్రోజన్ కరిగి ఉంటే ఈ గొలుసు ఆగకుండా తిరిగి, ఆక్సిజన్‌నూ పెరాక్సైడ్‌నూ పుట్టినవి పుట్టినట్టే మింగేస్తుంది. అందుకే, నీరు మరగకుండా గట్టి ఒత్తిడిలో ఉంచే పీడన జల రియాక్టర్లలో కిలో నీటికి 25 నుంచి 50 సీసీల హైడ్రోజన్‌ను పనిగట్టుకుని కరిగిస్తారు. కూడంకుళంలో ఉన్న వీవీఈఆర్ అనే రష్యా రకంలోనైతే అమ్మోనియా కలుపుతారు, రేడియేషనే దాన్ని విడగొట్టి హైడ్రోజన్ అందిస్తుంది. మంటకు పేరుపడ్డ వాయువే ఇక్కడ కాపలాదారు కావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇక లెక్క ఎందుకు అవసరమంటే, ఈ నీటిలోకి తొంగిచూసే కిటికీ లేదు. పీడన జల రియాక్టర్‌లో నీరు సుమారు 15.5 మెగాపాస్కల్ పీడనంలో, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 150 రెట్లకు పైగా ఒత్తిడిలో, 290 నుంచి 325 డిగ్రీల మధ్య ఉంటుంది. గొట్టం పెట్టి నమూనా తీసి, చల్లబరచి కొలుద్దామంటే, అది బయటికి వచ్చేలోపే పెరాక్సైడ్ వేడికీ గొట్టం గోడలకూ విడిపోతుంది. చేతికి దొరికేది లోపలి నీరు కాదు, దాని అస్తికలు మాత్రమే. కనుక లోపల ఏముందో తెలుసుకోవాలంటే పుట్టుక రేట్లు, చర్యల రేట్లు కట్టి లెక్కించడం తప్ప దారి లేదు. మా నడక బృందంలో కంప్యూటర్‌ను కొట్టిపారేసే ఆ పెద్దమనిషికి నా జవాబు ఇదే.

వేడి వల్ల మారేది ఒకటి కాదు. గది ఉష్ణోగ్రత వద్ద 78 ఉండే నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 300 డిగ్రీల వద్ద సుమారు 20కి దిగజారుతుంది, అంటే విద్యుదావేశాలను ఒకదాని నుంచి మరొకదాన్ని మరుగుపరిచే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. సాంద్రత 0.73కు తగ్గుతుంది. తటస్థ నీటి పీహెచ్ 7 నుంచి 5.6 దాపుకు జారుతుంది. అణువులు ఎన్నో రెట్లు చురుగ్గా కదులుతాయి. ఇక 374 డిగ్రీలు, 22.06 మెగాపాస్కల్ దాటితే నీటికీ ఆవిరికీ తేడాయే చెరిగిపోతుంది. 25 మెగాపాస్కల్ పీడనంలో 350 డిగ్రీల నీరు ఘనమీటరుకు సుమారు 625 కిలోలుంటే, 400 డిగ్రీలకు చేరేసరికి 166 కిలోలే మిగులుతుంది. ఇలాంటి సూపర్‌క్రిటికల్ నీటితో నడిచే బాయిలర్లు చాలా ఉన్నాయిగానీ, రియాక్టర్ మాత్రం ఇంతవరకు కాగితం దాటలేదు. దానికి ఒక పెద్ద కారణం, ఆ నీటిలో రేడియేషన్ రసాయనం గురించి మనకున్న కొలతలు బహు కొద్ది కావడం.

ఈ మార్పుల మధ్య ఒక చిక్కుముడి ఉన్నది. వేడెక్కినకొద్దీ రాడికల్స్ త్వరగా చెదిరిపోతాయి కనుక గుత్తిలో కలయికలు తగ్గాలి, అంటే పెరాక్సైడ్, హైడ్రోజన్ రెండూ తగ్గాలి. పెరాక్సైడ్ బుద్ధిగా తగ్గుతుంది. హైడ్రోజన్ మాత్రం 200 డిగ్రీలు దాటాక పెరుగుతుంది. ఎందుకు?

నా అనుభవం ఇక్కడే ఎదురవుతుంది. లెక్కలో రెండు అంచెలున్నాయి. మొదటిది గుత్తుల అంచె. పాచికలు వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్యలతో ఒక్కో కణాన్ని కదిలిస్తూ, ఏది దేన్ని కలుస్తుందో వేల సార్లు నడిపి సగటు తీస్తారు. ఇది మోంటే కార్లో పద్ధతి. రెండోది సమంగా పరుచుకున్న తర్వాతి అంచె. నలభై యాభై చర్యలను అవకలన సమీకరణాలుగా రాసి కాలంతోపాటు సాధిస్తారు. ఈ రెండో అంచెలో నేను మొదట అవమానం పాలయ్యాను. కొన్ని చర్యలు మెరుపులా జరుగుతాయి, కొన్ని నత్తనడక నడుస్తాయి. నేను పాఠ్యపుస్తకంలోని సరళమైన పద్ధతితో సమాన అంగలు వేసుకుంటూ పోతే మూడో నిమిషానికి హైడ్రాక్సిల్ గాఢత రుణ సంఖ్య అయింది. లేని వస్తువు అప్పులో ఉండడం వడ్డీ వ్యాపారికి తెలుసేమోగానీ రసాయన శాస్త్రానికి తెలియదు. ఇలాంటి మొండి సమీకరణాల కోసం గియర్ అనే గణితజ్ఞుడు 1971 నాటికే పద్ధతి చెప్పి ఉన్నాడు, ఇప్పుడది ఉచితంగా దొరికే ప్రోగ్రాముల్లోనే ఉన్నది. దాన్ని వాడాక లెక్క దారిన పడింది.

మొదటి అంచెలో అవమానం లేదు, అంతకంటే ప్రమాదకరమైనది ఎదురయింది. అది విజయం. నా లెక్కలో హైడ్రోజన్ గీత, ప్రచురితమైన కొలతల కంటే కిందికి పోతోంది. ఊడిన ఎలక్ట్రాన్ ఎంత దూరం పోయి ఆగుతుందన్నది వేడి నీటిలో సూటిగా కొలిచినది కాదు కనుక, వేడెక్కినకొద్దీ ఆ దూరం తగ్గుతుందని పెట్టాను. ఎలక్ట్రాన్లు దగ్గరగా ఆగడం వల్ల ఒకదాన్నొకటి ఎక్కువగా కలిశాయి, హైడ్రోజన్ పెరిగింది, గీత కొలతల మీదుగా పోయింది. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. మరునాడు ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నా దగ్గర లెక్క నేర్చుకునే అమ్మాయి వచ్చింది. గీత చూసి, "మాస్టారూ, ఆ దూరం మార్చకుండా వదిలేసి, హైడ్రోజన్ పరమాణువు నీటినే ఢీకొని హైడ్రోజన్ వాయువు ఇస్తుందని ఒక చర్య చేరిస్తే?" అని అడిగింది. చేర్చి చూశాం. రేటును కొంచెం అటూ ఇటూ జరిపేసరికి ఆ గీత కూడా కొలతల మీదుగానే పోయింది.

ఒకే గీత, రెండు వేర్వేరు కథలు. ఇది మా ఇద్దరి అమాయకత్వం మాత్రమే కాదు. ఈ రంగంలో పేరున్నవారి మధ్య నడిచిన వివాదం కూడా ఇదే. క్షార జలంలో 150 డిగ్రీలు దాటాక రెండు ఎలక్ట్రాన్లు కలిసే చర్య రేటు ఒక్కసారిగా కూలిపోతుందని కొలతలున్నాయి. మామూలు తటస్థ నీటిలోనూ అలాగే కూలుతుందా అన్నది పట్టుకోవడం కష్టం. కూలదనుకుని లెక్కకట్టినవారికి ఎలక్ట్రాన్ దూరాన్ని సర్దుకుంటే హైడ్రోజన్ గీత కుదిరింది. కూలుతుందనుకున్నవారికి హైడ్రోజన్ లోటు వచ్చింది, దాన్ని పూడ్చడానికి హైడ్రోజన్ పరమాణువు నీటితో జరిపే చర్య అక్కరకు వచ్చింది. ఆ చర్యను 2005లో గట్టిగా ప్రతిపాదించారు, 2009లో అంత గట్టిగానూ ఖండించారు. ఖండన ఎంత ముచ్చటైనదో చెప్పాలి. హైడ్రోజన్ పరమాణువు నీటిని ఢీకొని హైడ్రోజన్‌నూ హైడ్రాక్సిల్‌నూ ఇవ్వడం అంటే, మన కాపలా గొలుసులోని మొదటి మెట్టు వెనక్కి నడవడమే. ముందుకు నడిచే రేటును వేడి నీటిలో కూడా కొలిచారు. ముందుకూ వెనక్కీ నడిచే రేట్ల నిష్పత్తి సమతాస్థితి స్థిరాంకం. అది బంధాల బలాన్ని బట్టి ఉంటుంది. నీటిలోని మొదటి హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 499 కిలోజౌళ్లు కావాలి, హైడ్రోజన్ అణువు ఏర్పడితే తిరిగి వచ్చేది 436 మాత్రమే. 63 కిలోజౌళ్ల ఆ లోటును వేడి భరించాలి. కనుక వెనక్కి నడిచే రేటు ఎంత ఉండాలో ఉష్ణగతిక శాస్త్రం ముందే గిరి గీసింది. గీత కుదరడానికి లెక్క కోరిన రేటు ఆ గిరికి చాలా పైన ఉన్నదన్నది ఖండించినవారి వాదన.

వేడి నీటిలో ఈ చిన్న కణాలు కరిగే తీరు కచ్చితంగా తెలియదు కనుక గిరి కొంత అటూ ఇటూ కావచ్చునని అవతలివారు అనవచ్చు, అది తీసిపారేసే మాట కాదు. అయినా నేను ఖండించినవారి పక్షమే. నా కారణం ఇది. గీత కుదరడం అనేది మనకు నచ్చిన చోట మీట తిప్పితే దొరికే సాక్ష్యం, సమతాస్థితి అనేది మనం తిప్పలేని మీట. తిప్పలేనిదానికే సాక్ష్యంగా విలువ ఎక్కువ. కోర్టులో కూడా బంధువు సాక్ష్యం కంటే బాటసారి సాక్ష్యానికి బరువు ఉంటుంది.

అయితే ఆ అమ్మాయి ప్రశ్న వల్ల మరొక మేలు కలిగింది. రెండు కథలూ చివరి గీతలో ఒకటే చెప్పినా, ఎప్పుడు అన్నదానిలో విడిపోతాయి. ఎలక్ట్రాన్లు దగ్గరగా ఆగడమే కారణమైతే అదనపు హైడ్రోజన్ గుత్తి చెదరకముందే, మొదటి కొన్ని నానోసెకన్లలో పుట్టి ఆగిపోవాలి. నీటితో చర్యే కారణమైతే అది తీరిగ్గా, మైక్రోసెకన్ల దాకా పెరుగుతూ పోవాలి. అంటే ఏ సమయంలో కొలవాలో లెక్కే చెబుతోంది. హైడ్రోజన్ పరమాణువులను మధ్యదారిలోనే పట్టుకునే పదార్థాన్ని నీటిలో కొద్దికొద్దిగా పెంచుతూ కలిపి, హైడ్రోజన్ వాయువు ఎంత తగ్గుతుందో చూస్తే తేలుతుంది. చెప్పడం తేలికేగానీ, 300 డిగ్రీల వద్ద ఆ పదార్థం తానే మాడిపోకుండా ఉండాలి, పాత్ర గోడ చర్యలో కలగజేసుకోకూడదు, ఎలక్ట్రాన్ పుంజం దూరే పలుచని గోడ ఆ పీడనాన్ని తట్టుకోవాలి. కెనడాలోని చాక్ రివర్, అమెరికాలోని నోటర్ డామ్, టోక్యో విశ్వవిద్యాలయం లాంటి కొద్ది చోట్లనే ఈ కొలతలు సాగాయంటే ఆశ్చర్యం లేదు.

లెక్క తప్పితే ఏమవుతుంది అన్నదానికి చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉన్నది, అది ఈ వివాదం కంటే చాలా ప్రాథమికమైన తప్పు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ రియాక్టర్‌లో ఇంధనం దెబ్బతిని, వేడెక్కిన జిర్కోనియం ఆవిరితో చర్య జరపగా హైడ్రోజన్ పుట్టి పాత్ర పైభాగంలో బుడగలా నిలిచింది. హైడ్రోజన్ ఒక్కటే ఉంటే మండదు, ఆక్సిజన్ తోడు కావాలి. రేడియేషన్ నీటిని విడగొడుతూనే ఉంది కనుక ఆ బుడగలోకి ఆక్సిజన్ కూడా చేరుతుందనీ, కొద్ది రోజుల్లో అది పేలే మిశ్రమం అవుతుందనీ అక్కడి నియంత్రణ సంస్థలో రోజర్ మాట్సన్ నాయకత్వాన లెక్కలు కట్టినవారు భయపడ్డారు. అదే సంస్థకు చెందిన విక్టర్ స్టెల్లో, అంత హైడ్రోజన్ సమక్షంలో ఆక్సిజన్ మిగలదని వాదించారు. ఏప్రిల్ 1న అధ్యక్షుడు కార్టర్ స్వయంగా అక్కడికి వచ్చే వేళకు కూడా ఈ వాదన నడుస్తూనే ఉంది. స్టెల్లోదే ఒప్పు. పైన చెప్పిన అలెన్ గొలుసు అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా తెలిసినదే. రియాక్టర్ నీటిలో రోజూ హైడ్రోజన్ కలుపుతున్నదే ఆ గొలుసు కోసం. అయినా భయపు లెక్క పుట్టుకను మాత్రమే కూడి, తిరిగి కలవడాన్ని తీసివేయడం మరిచిపోయింది. జమ రాసి ఖర్చు రాయని పద్దు అది. ఊళ్లకు ఊళ్లు వణికిపోవడానికి ఆ ఒక్క వరుస చాలింది.

ఈ ఉదాహరణ విని ధైర్యం తెచ్చుకునే మిత్రులకు రెండో వైపు కూడా చెప్పాలి. 2001 నవంబరు 7న జపాన్‌లోని హమావోకా మొదటి యూనిట్‌లో ఒక ఆవిరి గొట్టం పగిలింది. అదే ఏడాది డిసెంబరు 14న జర్మనీలోని బ్రున్స్‌బుట్టెల్‌లో మరొక గొట్టం ముక్కలైంది. రెండూ మరిగే నీటి రియాక్టర్లే. ఆ రకంలో విడిపోయిన హైడ్రోజన్, ఆక్సిజన్ ఆవిరితోపాటు బయటికి పోతాయి. ప్రవాహం లేని ముగింపు గొట్టంలో ఆవిరి చల్లబడి నీరై జారిపోతుంటే, చల్లబడినా నీరు కాని ఈ రెండు వాయువులు మాత్రం అక్కడ పోగవుతూ వచ్చి, చివరికి పేలాయి. రియాక్టర్ గుండెలోని నీటిని ఎంత చక్కగా లెక్కకట్టినా, ఆ మూల గొట్టం లెక్కలోనే లేకపోతే లాభమేమిటి? ఒక లెక్క ఎంత సూక్ష్మమైనదో అడగడంతోపాటు దాని హద్దులు ఎక్కడ గీశారో కూడా అడగాలి. మా నడక బృందంలోని మొదటి పెద్దమనిషి, అంటే "అన్నీ చూసేశారు" అనే ఆయన, ఇది విన్నాక రెండు విద్యుత్ స్తంభాల దూరం మౌనంగా నడిచారు.

మన ఊరివాళ్లకు కంప్యూటర్ లెక్క మీద నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది, అలాగే దాటింది. ఆ రోజు మా వీధిలో ఒక్క చెట్టూ నిలబడలేదు, కరెంటు రావడానికి రోజులు పట్టింది, అయినా ముందే తెలిసినందువల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. అయితే తుపాను లెక్కకూ రేడియేషన్ లెక్కకూ ఒక తేడా ఉన్నది. తుపాను లెక్కకు బంగాళాఖాతం దాదాపు ప్రతి ఏడూ పరీక్ష పెడుతుంది, తప్పితే ఊరంతా చూస్తుంది, మరుసటి ఏడు సరిదిద్దుకుంటారు. వేడి నీటి లెక్కకు అలాంటి పరీక్ష అరుదు. రియాక్టర్ చక్కగా నడుస్తున్నంత మాత్రాన లెక్క సరైనదని తేలదు, ఎందుకంటే అవసరమైనదానికంటే ఎక్కువ హైడ్రోజన్ పోసి నడుపుతున్నాం. ఆక్సిజన్‌ను అణచడానికి ఇంతకంటే చాలా తక్కువ సరిపోతుందని లెక్కలూ, రియాక్టర్ పరిస్థితులను అనుకరించే పరీక్ష గొట్టాల వలయాల్లో చేసిన కొలతలూ చెబుతున్నాయి.

ఎక్కువ పోస్తే నష్టమేమిటని మా మేనల్లుడు అడిగాడు, బాయిలర్‌వాడు కనుక సహజమే. నష్టం ఉన్నది. మన దేశంలోని రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజలంతో నడిచేవి, వాటి పీడన గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేసినవి. జిర్కోనియం హైడ్రోజన్‌నుగానీ, భారజలంలో ఉండే దాని బరువైన రూపం డ్యుటీరియంనుగానీ పీల్చుకుంటే పెళుసవుతుంది. 1983లో కెనడాలోని పికరింగ్ రెండో యూనిట్‌లో ఒక గొట్టం అలా పగిలింది. అందుకే ఈ రకంలో కరిగించే మోతాదు కిలోకు 3 నుంచి 10 సీసీల మధ్యే ఉంచుతారు. నికెల్ మిశ్రమాలు వాడే చోట పగుళ్లు పెరిగే వేగం కూడా కరిగిన హైడ్రోజన్ మీద ఆధారపడుతుంది. అంటే పైహద్దూ కింది హద్దూ రెండూ ఉన్నాయి, వాటి మధ్య దారి వెడల్పు ఎంతో చెప్పవలసింది మళ్లీ లెక్కే. భారజలానికైతే రేటు స్థిరాంకాలు, అంటే చర్యల వేగాన్ని చెప్పే అంకెలు వేరు, వేడిలో కొలిచినవి మామూలు నీటికంటే కూడా తక్కువ. మన రియాక్టర్లు వాడే నీటికే కొలతలు తక్కువ ఉండడం నాకు బాధగా ఉంటుంది. కొత్త యంత్రాల గురించి మాట్లాడినంత ఉత్సాహంగా ఈ కొలతల గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు.

నేను ఎవరినైనా అడగదలచుకున్నది ఒక్కటే. గీతను ముద్రించినప్పుడు దాని పక్కన ఏ స్థిరాంకం ఎక్కడ కొలిచారు, ఏది చల్లని నీటి నుంచి పొడిగించి వేసుకున్నారు, ఏది గీత కుదరడం కోసం సర్దారు అన్నది కూడా ముద్రించాలి. ప్రతి స్థిరాంకాన్నీ దాని అనిశ్చితి మేరకు కదిలించి, గీత ఎంత వెడల్పు పట్టీగా మారుతుందో చూపించాలి. పట్టీ వెడల్పుగా ఉంటే సిగ్గుపడవలసిందేమీ లేదు, వెడల్పుగా ఉండవలసినదాన్ని సన్నని గీతగా చూపించినప్పుడే సిగ్గుపడాలి. ఈ పని పెద్ద ప్రయోగశాలల్లో కొందరు చేస్తున్నారు. ఎమ్మెస్సీ స్థాయిలో కూడా చేయవచ్చు, దానికి కావలసింది ఒక మామూలు కంప్యూటరూ, కొంత ఓపికా.

ఆ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది అదే. తన పట్టికలో చర్యలన్నీ వరుసగా రాసి, ఉష్ణోగ్రతలకు గడులు గీసి, చివరన "కొలిచారా?" అని ఒక నిలువు వరుస పెట్టింది. చల్లని నీటి గడులన్నీ నిండాయి. 200 దాటాక అక్కడక్కడ ఖాళీలు మొదలయ్యాయి. 350 దాటిన భాగం చాలావరకు తెల్లగా ఉన్నది. పోయిన వారం ఆమె, "మాస్టారూ, ఇన్ని ఖాళీలుంటే పరీక్షకు వచ్చేవారు ఏమంటారో, అంచనా విలువలు వేసేయమంటారా?" అని అడిగింది. వద్దమ్మా, అలాగే ఉంచు అన్నాను. ప్రాజెక్టు నివేదిక అచ్చుకు వెళ్లింది, ఆ గడులు ఖాళీగానే ఉన్నాయి.